జైపాల్ రెడ్డిగారి సభావాఙ్మయము

మన పత్రికలలో కావ్యమునకు విమర్శ కలదు, నాటకమునకు కలదు, నవలకును కథానికకును కావలసినంత కలదు. శాసనసభలలో జరుగు ప్రసంగమునకు మాత్రము లేదు. సభలో నొకరు మాటలాడిన మఱునాడు పత్రికలు ఆ మాటలలో వాడిగలవానిని రెండింటిని ఏఱి ప్రకటించును. వారము గడచిన పిదప వానిని తలచువా రుండరు. కాని సభాకార్యక్రమముల సంపుటములు ప్రతి సమావేశమునకును వెలువడుచునే యున్నవి. వానిలో ప్రశ్న కలదు, ప్రత్యుత్తరము కలదు, నడుమ నడుమ కుండలీకరణములలో 'అంతరాయము' అను నొక్క మాట కలదు. ఆ యొక్క మాట వెనుక నెంత కేక, యెంత నవ్వు, యెంత కోపము దాగియున్నవో చదువరియే యూహించుకొనవలయును. నాటకములందలి రంగసూచనలను చదువ నేర్చిన మనము వీనిని మాత్ర మేల చదువ నేర్వరాదు?

సభాప్రసంగమును చదువుటలో నొక చిక్కు కలదు. పద్యము తనంతట తాను నిలుచును. సభలోని మాట యట్లు నిలువదు. వక్త యే నియమము క్రింద లేచెను, ఎన్ని నిమిషములు లభించెను, చర్చాంతమున ఓటు కలదా లేదా అనునవి తెలియనిచో ఆ మాట విలువ తెలియదు. లోక్‌సభ నియమావళిలో 193వ నియమము కలదు. దాని క్రింద నెంతసేపు చర్చించినను చివర ఓటు లేదు. 184వ నియమము కలదు. దాని క్రింద తీర్మానము ప్రతిపాదింపబడును, సభ తన యభిప్రాయమును ఓటు రూపమున చెప్పవలయును. కావున ప్రతిపక్షమువారు రెండవదానిని గోరుదురు, ప్రభుత్వమువారు మొదటిదానిని దయచేయుదురు. అన్నదమ్ముల పంపకమునకు ఊరి పెద్దలను పిలిచి, 'ఎవరి గోడు వారు వెళ్లబోసికొనుడు, తీర్పు మాత్రము చెప్పవలదు' అన్నట్టిది మొదటి మార్గము. పత్రికలు రెండింటిని గూడ వాడివేడి చర్చ యనియే వ్రాయును.

ఈ భేదము మనకు క్రొత్తది కాదు. భారతమున ద్యూతసభలో ద్రౌపది యడిగినది దయాభిక్ష కాదు, నియమమును గూర్చిన ప్రశ్న. తన్ను తాను ముందుగా నోడిన రాజునకు పిమ్మట భార్యను పణముగా నొడ్డు నధికారము కలదా యని యామె సభ నడిగెను. పెద్దలు సూటిగా నుత్తర మీయలేదు. కౌరవులలో వికర్ణు డొక్కడు లేచి, ఆ ప్రశ్నకు సమాధానము చెప్పవలయునని పట్టుపట్టెను; కర్ణుడు వానిని కసరి నోరు మూయించెను. బలము గలవానికి నియమముతో నంతగా పని లేదు. సంఖ్య లేనివానికి నియమమే బలము. ప్రతిపక్ష సభ్యుని విమర్శించునప్పుడు నే నీ కొలతనే పట్టుకొందును. ఎందఱు మంత్రులను మాటలతో నొప్పించెననునది చిన్న లెక్క. ఆతడు సభను విడిచిన నాటికి నియమము బలపడెనా, సడలెనా అనునది పెద్ద లెక్క.

ఈ కొలతకు నేను తీసికొన్న వ్యక్తి సూదిని జైపాల్ రెడ్డిగారు (1942–2019). చోటు వికారాబాదు, తాండూరు. వారు ఈ యూళ్లవారు కారు. నల్లగొండ జిల్లా నెర్మటలో జన్మించి, కల్వకుర్తినుండి నాలుగు మాఱులు శాసనసభకు ఎన్నికైనవారు. కాని 2009లో క్రొత్తగా నేర్పడిన చేవెళ్ల లోక్‌సభ స్థానమునుండి వారు గెలిచినప్పుడు, మూసీ పుట్టిన అనంతగిరి గుట్టల ప్రక్కనున్న వికారాబాదును, నాపబండలకును కందులకును పేరువడిన తాండూరును వారికి ప్రాతినిధ్యము నిచ్చినవి. ఈ రెండు పట్టణములు సభను గూర్చి మనకు చెప్పగల సంగతులు నేననుకొన్నదానికంటె నెక్కువగా నున్నవి.

తాండూరున నియమమును గూర్చిన పాఠము అంతకు పూర్వమే యొకటి జరిగెను. 1967 ఎన్నికలలో మఱ్ఱి చెన్నారెడ్డిగా రక్కడ వందేమాతరం రామచంద్రరావుగారిపై గెలిచిరి. ఓడినవారు న్యాయస్థానమున కెక్కిరి. ఎన్నికలో అవినీతికరములైన పద్ధతులు వాడబడినవని హైకోర్టు 1968లో ఆ యెన్నికను రద్దుచేసెను. సుప్రీంకోర్టు దానినే స్థిరపఱచెను. చెన్నారెడ్డిగారు నాడు కేంద్రమున ఉక్కు, గనుల శాఖకు మంత్రి. ఆ పదవియు పోయెను. ఓట్ల లెక్కలో గెలిచినవారిని నియమ మోడించిన ఆ యూరివారు, అర్ధశతాబ్దము నిండకమునుపే, ఓట్ల లెక్క వ్రాతకెక్కని యొక సందర్భమును గూర్చి యోచింపవలసివచ్చెను. దానికి పిమ్మట వత్తును.

2009కి పూర్వము ఈ పట్టణములు హైదరాబాదు లోక్‌సభ స్థానమున చేరియుండెను. 1984 మొదలు 2004 వఱకు సుల్తాన్ సలాహుద్దీన్ ఒవైసీగారును, పిమ్మట వారి కుమారులు అసదుద్దీన్ ఒవైసీగారును ఇక్కడి ప్రతినిధులు. అనగా పాతిక సంవత్సరములు ఈ యూళ్లకు మంత్రిపదవి నెఱుగని ప్రతినిధులే యుండిరి. దేశమున ప్రతిపక్ష వక్తలలో నొకరని పేరువడినవారు తమ ప్రతినిధిగా వచ్చునప్పటికి, వారు ప్రభుత్వమున మంత్రియై కూర్చుండిరి: మొదట పట్టణాభివృద్ధి, 2011లో పెట్రోలియము, 2012 చివర శాస్త్రసాంకేతిక శాఖ. కత్తి ఒరలో చేరిన పిదప చేతికి వచ్చినట్లయ్యెను. వికారాబాదు, తాండూరు వాసులలో జైపాల్ రెడ్డిగారి నెఱిగినవారు మంత్రి నెఱుగుదురు. ప్రతిపక్ష సభ్యు నెఱిగినవారు తక్కువ. వారి నిజమైన పని యంతయు ఆ మునుపటి కాలముననే కలదు.

ఆ పని మొదలైన తీరు చెప్పదగినది. 1969లో కాంగ్రెసు పక్షమున శాసనసభ్యులైనవారు, అత్యవసర పరిస్థితిని సహింపలేక 1977లో ఆ పక్షమును విడిచి జనతా పక్షమున చేరిరి. 1980లో మెదకున ఇందిరాగాంధిగారిపై పోటీచేసి యోడిరి. 1984 డిసెంబరు ఎన్నికలలో మహబూబునగరునుండి లోక్‌సభకు వెళ్లిరి. ఆ సభను తలచుకొనుడు. నాడు ఎన్నికలు జరిగిన 514 స్థానములలో కాంగ్రెసునకు 404. జనతా పక్షమునకు దేశమంతటను పదియే. భారతీయ జనతా పక్షమునకు రెండు; ఆ రెండింటిలో నొకటి మన హనుమకొండ. ప్రతిపక్షమున పెద్దది తెలుగుదేశము, 30 మంది. ఇట్టి సభలో ఓటుతో గెలుచుట కల్ల. మిగిలినది ప్రశ్న, సవరణ, వాయిదా తీర్మానము, సావధాన తీర్మానము, నియమభంగమును గూర్చిన యభ్యంతరము. ఇవి యెంత చిన్న పనిముట్లో! కాని చేతికి వేఱేమియు లేనివాడు వీనితోనే కొండను తొలువవలయును.

1985 మొదలు 1989 వఱకు సాగిన ఆ సభాకాలమును ఇప్పుడు చదివినచో ఆ తొలుచుట కనబడును. 1987 ఏప్రిలులో స్వీడను దేశపు ఆకాశవాణి బోఫోర్స్ ఫిరంగుల కొనుగోలులో లంచములు చేతులు మాఱినవని ప్రకటించిన నాటినుండి ప్రతిపక్షము ఆ యొక్క విషయమును విడువలేదు. ముందు వరుసలో నిలిచి ప్రభుత్వమును నిలదీసినవారిలో జైపాల్ రెడ్డిగా రొకరు. 1988 ఆగస్టులో పరువునష్టపు బిల్లు లోక్‌సభ దాటెను. బయట పత్రికలవారు, లోపల ప్రతిపక్షమువారు పట్టిన పట్టునకు ప్రభుత్వము దానిని మఱుసటి నెలలోనే విడిచివేసెను. నాలుగువందల మంది గెలిపించిన బిల్లు నూఱుమంది చేత నోడినది. సంఖ్యయే సర్వస్వమనువా రీ యుదాహరణమును మఱవకుందురు గాక.

ఇక వారి భాష. జైపాల్ రెడ్డిగారు ఉస్మానియాలో ఆంగ్లసాహిత్యమున ఎం.ఏ. చదివిరి, పత్రికారచనయు చదివిరి. వారి యాంగ్లము బరువైనది. ఒక్కొక్క పదమునకు విలేఖరులు నిఘంటువు తిరుగవేయుదురని నానుడి పుట్టెను. చిన్నతనముననే పోలియో సోకి జీవితమంతయు ఊతకఱ్ఱలపై నడచిన యా మనుష్యుడు లేచి నిలుచుటకే శ్రమపడవలసినవాడు. లేచిన పిదప మాట తడబడుట యెఱుగడు. వ్యంగ్యము వారికి సహజము. ఎదుటివారిని దూషింపక నవ్వించి నొప్పించు నేర్పు కలదు. సభాప్రసంగమున కిది గొప్ప గుణము, దూషణమును కార్యక్రమమునుండి తొలగింపవచ్చును గాని నవ్వును తొలగించుట సభాపతి తరము కాదు.

ఈ గుణమునకు నేను వెల కట్టుదును గాని వెలకు మించి కట్టను. ఆ పదజాలము ఎవరిని ఉద్దేశించినది? పత్రికాగ్యాలరీని, ఎదుటి బల్లలను, ఆంగ్లము చదివిన నగరవాసులను. కల్వకుర్తి పొలములలోని రైతునకు, తాండూరు బండల గనిలో రాయి చీల్చు కూలికి ఆ మాటలు చేరలేదు. రాజ్యాంగము 120వ అధికరణమున హిందీగాని ఆంగ్లముగాని సరిగా రాని సభ్యుడు సభాధ్యక్షుని యనుమతితో మాతృభాషలో మాటలాడవచ్చునని యున్నది. చూడుడు, ఆ హక్కు రానివానికే కాని వచ్చినవానికి కాదు! ఆంగ్లము వచ్చిన తెలుగువాడు తెలుగున మాటలాడుట కా వాక్యము ప్రోత్సాహము నీయదు. ఇందు వ్యక్తి దోషమునకంటె విధానదోష మెక్కువ. అయినను తెలుగున గూడ మంచి వక్తలైన జైపాల్ రెడ్డిగారు ఆ తలుపును త్రోసి చూచియుండినచో, తరువాత వచ్చిన తెలుగు సభ్యులకు దారి సుగమ మయ్యెడిది.

వారి కాలపు ప్రతిపక్షము నియమమును పట్టుకొన్నంతగా నియమమును చెఱచియు నుండెను. ఠక్కరు కమిషను నివేదికను సభముందు పెట్టవలయునను గొడవలో 1989 మార్చి 15న లోక్‌సభనుండి 63 మందిని ఒక్కనాటనే బహిష్కరించిరి. ఆ సంవత్సరము జూలైలో బోఫోర్స్‌పై గణనాధికారి నివేదిక వచ్చినప్పుడు ప్రతిపక్ష సభ్యులలో నధికులు రాజీనామా లిచ్చి సభనే విడిచిరి. రాజకీయముగా అది ఫలించెను. ఆ యెన్నికలలో ప్రభుత్వము మాఱెను. కాని సభ నడుమకు దిగి కేకలు వేయుట, సభను విడిచిపోవుట అను రెండు దారులు ఆ దినములలో గట్టిగా నడిచి, పిమ్మటివారికి రాచబాటలైనవి. నివేదిక చూపుమని యడుగుట న్యాయము. అడిగిన తీరును గూర్చి నాటి ప్రతిపక్షమువారందఱును పంచుకొనవలసిన బాధ్యత కలదు.

1990లో వారు రాజ్యసభకు వెళ్లిరి. 1991 జూలై మొదలు 1992 జూను వఱకు అక్కడ ప్రతిపక్ష నాయకులు. నాటి ప్రధాని పి.వి. నరసింహారావుగారు. దేశమును నడపువాడు తెలుగువాడు, ఎగువ సభలో ఆయన ప్రభుత్వమును ప్రశ్నించువాడును తెలుగువాడు; మన చరిత్రకారు లీ జంటను గూర్చి యింకను వ్రాయవలసియున్నది. 1998 సంవత్సరమునకు ఉత్తమ పార్లమెంటేరియను పురస్కారము వారికి లభించెను. వాజపేయి, చంద్రశేఖర్, సోమనాథ ఛటర్జీ వంటివారికి లభించిన పురస్కార మది. దక్షిణాదివారిలో మొదట పొందినవారు వీరే.

ఆ నడుమ కొలదికాలము గుజ్రాల్ ప్రభుత్వమున సమాచార, ప్రసారశాఖ వారి చేతిలో నుండెను. అప్పుడు చేసిన యొక పని వారి ప్రతిపక్షజీవితమునకు నిజమైన సాక్ష్యము. ఆకాశవాణి, దూరదర్శనములను ప్రభుత్వపు పిడికిటినుండి తప్పించుటకై 1990లో ప్రసారభారతి చట్టమును చేసిరి. ఏడేండ్లు అది కాగితముమీదనే యుండెను. 1997లో జైపాల్ రెడ్డిగారి హయామున అది యమలులోనికి వచ్చెను. మంత్రి తన శాఖాధికారమును తానే తగ్గించుకొనుట యరుదు. ప్రసారభారతి పిమ్మట నెంత స్వతంత్రముగా నుండెననునది వేఱు సంగతి, దానిని గూర్చి నాకంత సంతోషము లేదు. కాని ప్రతిపక్షమున నుండగా కోరినదానిని పదవి దక్కిన పిదప చేసినవారి పట్టిక తీసినచో అది మిక్కిలి పొట్టిది. అందులో వీరి పేరు నిలుచును.

1999 ఏప్రిల్ 17వ తేదీని ప్రత్యేకముగా చెప్పవలయును. వాజపేయిగారి ప్రభుత్వముపై విశ్వాసతీర్మానము. అనుకూలముగా 269, ప్రతికూలముగా 270. ఒక్క ఓటు. సభాపతి పీఠమున నున్నవారు మన అమలాపురపు బాలయోగిగారు. ఒరిస్సా ముఖ్యమంత్రియైన పిదపను లోక్‌సభ సభ్యత్వమును విడువని గిరిధర్ గమాంగుగారు ఓటు వేయవచ్చునా యను ప్రశ్న లేచినప్పుడు, బాలయోగిగారు దానిని ఆయన యంతరాత్మకే విడిచిరి. జైపాల్ రెడ్డిగారు నాడు మహబూబునగరు సభ్యులై ప్రతిపక్షమున కూర్చుండియుండిరి. ఒక్క ఓటు ప్రభుత్వమును కూల్చగలదనియు, ఎవ రెటు ఓటువేసిరో లోకమునకు తెలియవలయుననియు కన్నులార చూచిన సభ్యులు వారు. ఆ యేడాదియే జనతాదళమును వీడి, ఇరువది రెండేండ్లు తాము పోరాడిన కాంగ్రెసునకు తిరిగి వచ్చిరి. మతతత్త్వ రాజకీయములను గూర్చిన భయమే దీనికి కారణమని మిత్రులు సమర్థించిరి, కావచ్చును. పోరాడినంతకాలము ఆ పక్షమును గూర్చి సభలో పలికిన మాటలు మాత్రము సంపుటములలో నట్లే యున్నవి, వానిని త్రిప్పి చదువువారి కవి యిబ్బందికరములే.

ఇప్పుడు 2014 ఫిబ్రవరికి వత్తును. తెలంగాణము వాడనగు నాకు ఈ భాగము వ్రాయుట సులభము కాదు. ఆ నెల 18న లోక్‌సభ ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లును ఆమోదించెను, 20న రాజ్యసభ, జూన్ 2న తెలంగాణ రాష్ట్ర మవతరించెను. ఆ రాష్ట్రమునకై జైపాల్ రెడ్డిగారు కేంద్రమున నుండి చేసిన ప్రయత్నమునకు మన ప్రాంతమువారు కృతజ్ఞులు. నా విమర్శ రాష్ట్రము వచ్చుటను గూర్చి కాదు, ఆ నాడు సభలో ఓటు లెక్కించిన తీరును గూర్చి.

సందర్భ మిది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ జనవరి 30న ఆ బిల్లును మూజువాణి ఓటుతో త్రోసిపుచ్చియుండెను. ఫిబ్రవరి 13న లోక్‌సభలో బిల్లును ప్రవేశపెట్టినప్పుడు ఒక సభ్యుడు మిరియపు ద్రావకమును చల్లెను. ఆంధ్ర ప్రాంతపు సభ్యులు పలువురు బహిష్కృతులైరి. 18వ తేదీన సభ కుదురుగా లేదు. ఎవరి స్థానమున వారు లేరు. ప్రత్యక్ష ప్రసారము నిలిచిపోయెను. సాంకేతిక లోపమని యధికారులు చెప్పిరి. ప్రసారభారతిని వెలుగులోనికి తెచ్చినవారు మంత్రిగా నున్న ప్రభుత్వమే యా బిల్లును తెచ్చినది, ఇది కాలపు చమత్కారము.

బిల్లుపై అసదుద్దీన్ ఒవైసీగారు, తృణమూల్ సభ్యులు సౌగత రాయ్‌గారు సవరణలు ప్రతిపాదించి విభజన గోరిరి. విభజన యనగా ఓట్లను పేరుపేరున లెక్కించుట. మామూలుగా సభాపతి 'అవును' 'కాదు' అను కేకల బలమును బట్టి నిర్ణయము చెప్పును. దానిని సభ్యులు మరల కాదన్నచో 367వ నియమపు మూడవ యుపనియమము ప్రకారము యంత్రముతోనో, చీటీలతోనో, సభ్యులు వసారాలకు వెళ్లుటతోనో ఓట్లు నమోదు చేయవలయును. కాని ఆ యుపనియమమునకే యొక మినహాయింపు కలదు. విభజన అనవసరముగా గోరబడినదని సభాపతి యభిప్రాయపడినచో, అనుకూలురను, ప్రతికూలురను వరుసగా తమ తమ చోట్ల లేచి నిలువుమని చెప్పి, తలలు లెక్కించి నిర్ణయము ప్రకటింపవచ్చును. అట్లు చేసినప్పుడు ఓటు వేసినవారి పేర్లు వ్రాతకెక్కవు. నాడు జరిగిన దదియే. తలలు లెక్కించిరి, సవరణలు వీగిపోయినవి, బిల్లు మూజువాణి ఓటుతో నెగ్గెను. ఈ మినహాయింపును సభాపతి మీరా కుమార్‌గారికి చూపినవారు జైపాల్ రెడ్డిగారే యని, నాటి రాజమండ్రి సభ్యులు ఉండవల్లి అరుణ కుమార్‌గారు విభజనను గూర్చి తాము వ్రాసిన పుస్తకమున చెప్పిరి. ఆయన అది నేరమని వ్రాసిరి. తెలంగాణమున అనేకు లది నేర్పని మెచ్చుకొనిరి.

మెచ్చుకొనువారి వాదమున బలము కలదు, దానిని తక్కువ చేయను. కొందఱు తమ స్థానముల కూర్చుండక యంత్రమును పనిచేయనీయనిచో, అధికసంఖ్యాకుల నిశ్చయము ఎన్నటికిని నెఱవేఱదు. అల్లరి చేయువానికి సభను స్తంభింపజేయు హక్కు లేదు. అప్పటి కాంగ్రెసును, భారతీయ జనతా పక్షమును రెండును బిల్లునకు మద్దతు నిచ్చినవి. లెక్క యెట్లు పెట్టినను ఫలితము మాఱెడిది కాదు. నియమావళిలో నున్న మాటనే వాడిరి, లేనిదానిని కల్పింపలేదు.

నిజమే. కాని ఆ మినహాయింపులోని షరతును మరల చదువుడు: విభజన 'అనవసరముగా' గోరబడినచో. రాష్ట్రమును రెండు చేయు బిల్లుపై పేరుపేరున ఓటు గోరుట అనవసర మగునా? ఫలితము ముందే తెలిసినంతమాత్రమున లెక్క అనవసర మగునా? నాలుగువందల నలుగురి యెదుట పదిమందిలో నొకరై కూర్చుండి, ఫలితము తెలిసియు ప్రతి విభజనకును విలువ యున్నదని నమ్మి అయిదేండ్లు గడపినవారు జైపాల్ రెడ్డిగారు. ఓడుదునని తెలిసియు ఓటు గోరుటయే ప్రతిపక్షము చేయు పని. గెలుచుటకు కాదు, ఎవరేమి చేసిరో వ్రాతలో నుంచుటకు. ఆ నియమము నడుగున దాగిన యీ మినహాయింపు, అనుభవజ్ఞుడైన ప్రతిపక్షికి తప్ప వేఱొకరికి తోచదు. పాతికేండ్లు తలుపు గొళ్లెమును పరీక్షించినవానికే అది యెక్కడ సడలునో తెలియును. ఉండవల్లిగారి మాట నిజమైనచో, ఆ తెలివిని వారు అధికసంఖ్యాకుల కిచ్చిరి.

నాకు మిక్కిలి బాధ కలిగించునది యింకొకటి కలదు. ఆనాడు సవరణలపై విభజన గోరిన ఒవైసీగారు 2009 వఱకు వికారాబాదు, తాండూరుల ప్రతినిధి. ఆ విభజనను పేర్లు లేని తలల లెక్కగా మార్చు నియమమును చూపినవారని చెప్పబడువారు ఆ నాటి ప్రతినిధి. ఒవైసీగారి వాదము నాకు సమ్మతము కాదు. ఆయన పక్షము రాష్ట్రవిభజనమునే వ్యతిరేకించినది. అయినను నియమము విషయమున ఆనాడు ప్రతిపక్షధర్మమును పాటించినవారు ఆయన. మన కిష్టమైన ఫలితము వచ్చినప్పుడు ఈ మాట చెప్పుట కష్టము, కష్టమగుటచేతనే యిన్నేండ్లుగా మన పత్రికలలో నెవ్వరును చెప్పినట్లు కానరాదు.

ఇట్టి దారి తెఱచిన పిదప దానిమీద నెవరు నడతురో తెఱచినవారి చేతిలో నుండదు. జైపాల్ రెడ్డిగారు 2019 జూలై 28న హైదరాబాదున పరమపదించిరి. మఱుసటి యేడు, 2020 సెప్టెంబరు 20న, రాజ్యసభలో వ్యవసాయ బిల్లులు వచ్చెను. ప్రతిపక్షమువారు విభజన గోరిరి. గోరినవారు తమ స్థానములలో లేరని చెప్పి, సభ నడపుచున్న ఉపాధ్యక్షుడు మూజువాణి ఓటుతో బిల్లులను దాటించెను. మఱునాడు ఎనమండ్రు సభ్యులు బహిష్కృతులైరి. అది వేఱు సభ, వేఱు నియమావళి, వేఱు ప్రభుత్వము. వాదము మాత్రము పాతదే: సభ కుదురుగా లేదు, కావున పేర్లు వ్రాయ నక్కఱ లేదు. తాండూరు కంది రైతు తన పంట యమ్మకమును గూర్చిన శాసనముపై ఏ సభ్యు డెటు నిలిచెనో తెలిసికొనుటకు వీలులేకపోయెను. పిమ్మట 2021 నవంబరులో ఆ చట్టములను రద్దుచేసిరి. రద్దుచేసిన నాడును చర్చ లేదు.

జైపాల్ రెడ్డిగారి యుపన్యాసములను తెలుగున ఏర్చి కూర్చి, ఏది ఏ నియమము క్రింద పలికినదో, చివర ఓటెట్లు పోయెనో టిప్పణములతో ప్రకటించువా రుండినచో, మన యిండ్లలో చదువుకొను స్త్రీపురుషులకు సభయన నేమో తెలియును. ఆ సంకలనమున 1985 మొదలు 1989 వఱకు గల భాగమే పెద్దది కావలయును. మంత్రిగా చెప్పిన సమాధానములకు పది పుటలు చాలును. 2014 ఫిబ్రవరి 18ని విడిచిపెట్టరాదు. 1999 ఏప్రిల్ 17 నాటి సంపుటమును తెఱచినచో మహబూబునగరు సభ్యుని ఓటు ఏ వైపున పడినదో పేరుతో సహా చూడవచ్చును. 2014 ఫిబ్రవరి 18 నాటి సంపుటమును తెఱచి, వికారాబాదు వాసి యొకడు తన పూర్వప్రతినిధి పెట్టిన సవరణపై తన నాటి ప్రతినిధి లేచి నిలిచెనా, కూర్చుండెనా యని వెదకినచో, సవరణ దొరకును, అది వీగినదను మాట దొరకును, నడుమ నడుమ అంతరాయములు దొరకును. పేర్లు లేవు.